పక్కింటి మోర్మన్లు మా బాబుని ఏ కంటితో చూస్తారు?

ప్రశ్న: మాది గుంటూరు దగ్గర పల్లె. మా వారి ఉద్యోగం వల్ల ఏడాది క్రితం అమెరికాలో యూటా రాష్ట్రానికి, లీహై అనే ఊరికి వచ్చాం. మా బాబుకి ఎనిమిదేళ్ళు. సెరిబ్రల్ పాల్సీ. వీల్‌ఛెయిర్‌లోనే ఉంటాడు, మాట స్పష్టంగా రాదు, కానీ మనం చెప్పేదంతా అర్థమవుతుంది. పక్కింటావిడ మోర్మన్, అంటే అమెరికాలో పుట్టిన ఒక క్రైస్తవ సంఘానికి చెందినామె. మమ్మల్ని సొంత మనుషుల్లా చూస్తుంది. వాళ్ళ చర్చిలో ఆదివారం పిల్లల తరగతులు ఉంటాయి, బాబుని తీసుకురమ్మని పిలిచింది. ఆ మాట మా ఆడపడుచుకి ఫోన్‌లో చెబితే కంగారు పడిపోయింది. "వాళ్ళలో మగాళ్ళకి నలుగురేసి పెళ్ళాలు, ఆడవాళ్ళని నోరెత్తనివ్వరు. ఇలాంటి పిల్లలు పైలోకంలో ఏదో తప్పు చేసి ఇలా పుట్టారని నమ్ముతారు. చూస్తూ చూస్తూ బాబుకి బాప్తిస్మం కూడా ఇచ్చేస్తారు" అంది. మా వారు "మనకెందుకొచ్చిన గొడవ" అంటున్నారు. నాకు నిద్ర పట్టడం లేదు. ఇవన్నీ నిజమేనా? బాబుని తీసుకెళ్ళనా, వద్దా?
- ఒక తల్లి, లీహై

జవాబు: అమ్మా, ముందు బాప్తిస్మం భయం తీర్చేస్తాను. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లలకి తల్లిదండ్రుల అనుమతి లేకుండా బాప్తిస్మం ఇవ్వకూడదని ఆ సంఘానికి నియమం ఉంది. కాకపోతే వాళ్ళ ఇళ్ళలో పిల్లలకి ఎనిమిదేళ్ళకే బాప్తిస్మం ఇస్తారు, మీ బాబుది సరిగ్గా అదే వయసు. కాబట్టి మాటల్లో ఆ ప్రస్తావన రావచ్చు. "మా ఇంట్లో ఆ ఉద్దేశం లేదండీ" అని ఒక్కసారి నెమ్మదిగా చెప్పండి, చాలు. వెళ్ళాలని మీకు ఉంటే నిశ్చింతగా వెళ్ళండి.

ఇక మీకు నిద్ర పట్టనివ్వని మాట సంగతి. బాబు ఏదో తప్పు చేసి ఇలా పుట్టాడన్నది. ఆ మాట మీకు అంతగా గుచ్చుకోవడానికి కారణం నాకు తెలుసు. అది మీరు మొదటిసారి విన్న మాట కాదు. మన పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో ఎవరో ఒక పెద్దావిడ బాబు తల నిమిరి "ఏ జన్మలో చేసుకున్న పాపమో తల్లీ" అనే ఉంటుంది. గుంటూరులో వదిలి వచ్చామనుకున్న మాట మళ్ళీ ఇక్కడ ఎదురైతే ఏ తల్లికైనా ఊపిరాడదు.

మోర్మన్లకి పునర్జన్మ లేదు. వాళ్ళ నమ్మకం ప్రకారం మనుషులందరూ పుట్టకముందు దేవుడి దగ్గర ఆత్మలుగా ఉన్నారు. శరీరం పొందడానికి, జీవితం చవిచూడడానికి అందరూ ఇష్టపడే ఈ భూమ్మీదికి వచ్చారు. రావడం ఒక్కసారే. ఈ "పుట్టకముందు బతుకు" దగ్గరే మీ ఆడపడుచు విన్న మాటకి మూలం దొరుకుతుంది. ఆ మాట పూర్తిగా గాలిలోంచి పుట్టింది కాదు, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

1852 నుంచి 1978 దాకా ఈ సంఘంలో నల్లజాతి పురుషులకి యాజకత్వం, అంటే మత కర్మలు జరిపే అధికారం, ఇవ్వలేదు. ఆ అన్యాయాన్ని సమర్థించుకోవడానికి, వాళ్ళు పైలోకంలో ఉన్నప్పుడు దేవుడి పక్షాన గట్టిగా నిలబడలేదని కొందరు నాయకులు, బోధకులు చెబుతూ వచ్చారు. తరాల తరబడి జనం అదే నమ్మారు. 1978 జూన్‌లో ఆ నిషేధం ఎత్తేశారు. 2013లో సంఘం ఒక అధికారిక వ్యాసం వెలువరించి, ఆ వివరణలన్నిటినీ తోసిపుచ్చింది. ఇలాంటి మాటలు ఒకసారి పుట్టాక ఊరుకోవు. ఒకరి మీద పడిన నింద ఇంకొకరి మీదికి పాకుతుంది. వైకల్యం ఉన్నవాళ్ళ గురించి బయట వినిపించేది ఆ పాత నిందకి మరో రూపమే. ఆ సంఘం బోధ మాత్రం అది కాదు. వాళ్ళ స్థానిక నాయకులకి ఇచ్చే చేతిపుస్తకంలో, ఒక కుటుంబానికి ఈ కష్టం ఎందుకు వచ్చిందో వివరించే ప్రయత్నం చేయవద్దని, దేవుడి శిక్ష అని అసలే అనవద్దని రాశారు. యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలో పుట్టుగుడ్డివాణ్ణి చూసి "ఎవరి పాపం వల్ల ఇతను ఇలా పుట్టాడు, ఇతనిదా, తల్లిదండ్రులదా" అని శిష్యులు అడిగితే, ఇద్దరిదీ కాదని యేసు చెబుతాడు. వాళ్ళు ఆధారంగా చూపేది ఆ మాటనే.

మంచితనంతోనే కొందరు అనే మాట ఇంకొకటి ఉంది. మీరు దానికీ సిద్ధంగా ఉండాలి. "ఇలాంటి పిల్లలు పైలోకంలో ఎంతో గొప్ప ఆత్మలు, అందుకే వీళ్ళకి ఈ లోకంలో పరీక్ష అక్కర్లేదు" అంటారు. వినడానికి తియ్యగా ఉంటుంది. కానీ రోజూ ఫిజియోథెరపీ చేయించి, రాత్రి మూడుసార్లు లేచి పక్క మార్చే తల్లికి ఆ పొగడ్త ఏమీ తేలిక చేయదు. పైగా పిల్లవాణ్ణి పిల్లవాడిగా చూడనివ్వదు. మీ బాబుకీ అందరు పిల్లల్లాగే అలకలు, అల్లరి, మొండితనం ఉండి ఉంటాయి. ఎవరైనా అలా అంటే "వాడు మామూలు పిల్లవాడేనండీ, కార్లంటే పిచ్చి" అని వాడికి ఇష్టమైనదేదో చెప్పి మాట మార్చేయండి.

బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ళకి మోర్మన్లు బాప్తిస్మం ఇవ్వరు, అంటే వాళ్ళని సంఘంలోకి రానివ్వరు అని కూడా బయట అనుకుంటూ ఉంటారు. అక్కడ జరిగేది సరిగ్గా దీనికి తిరగబడి ఉంటుంది. మంచి చెడులు విడదీసి తెలుసుకోలేనివాళ్ళకి పాపం అంటదని, వాళ్ళకి బాప్తిస్మం అవసరమే లేదని, చిన్నపిల్లల్లాగే నేరుగా దేవుడి సన్నిధికి చేరతారని వాళ్ళ విశ్వాసం. శరీర వైకల్యం ఒక్కటే ఉన్నవాళ్ళ విషయంలో ఏ తేడా లేదు. బాప్తిస్మం కావాలంటే నీళ్ళలోకి దింపడానికి సాయం పడతారు, అంతే.

సాల్ట్ లేక్ సిటీ శివార్లలో మేమున్న రోజుల్లో ఒక స్నేహితురాలు పిలిస్తే వాళ్ళ ఆదివారం కూడికకి వెళ్ళాను. అందులో నేను చూసినది మీ రెండు ప్రశ్నలకీ పనికొస్తుంది. వాళ్ళకి జీతాలు తీసుకునే పాస్టర్లు ఉండరు. బిషప్పు అంటే వారమంతా ఏ అకౌంటెంటుగానో ప్లంబరుగానో పని చేసుకుని ఆదివారం సంఘం చూసుకునే మనిషి. కూడిక మొదట్లో రొట్టె ముక్కలున్న ట్రేలు, బుల్లి కప్పుల్లో నీళ్ళు పన్నెండు, పదమూడేళ్ళ కుర్రాళ్ళు వరస వరసకీ అందిస్తారు. తెల్ల చొక్కా, టై. వాళ్ళలో ఒకడు వాకర్ పట్టుకుని నడుస్తున్నాడు. రెండు చేతులూ వాకర్ మీదే ఉన్నాయి కాబట్టి ట్రే పట్టుకోలేడు. పక్కన ఇంకో కుర్రాడు ట్రే పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి ఒక్కో వరసకీ వచ్చారు. వాకర్ కుర్రాడు ఆగినప్పుడల్లా రెండోవాడు ఆగాడు. వాళ్ళు ముగించేదాకా తక్కిన కుర్రాళ్ళు ఖాళీ ట్రేలతో కదలకుండా నిలబడ్డారు. ఎవరూ గడియారం చూడలేదు, ఎవరూ జాలిగా చూడలేదు. అది వాడి పని, వాడు చేస్తున్నాడు.

వాడి అక్క నా ముందు వరసలో కూర్చుంది. పదహారు, పదిహేడేళ్ళు ఉంటాయి. ఆ తర్వాత ఆమె వేదిక ఎక్కి, మైకు ముందు నిలబడి, తడుముకోకుండా పది నిమిషాలు మాట్లాడింది. ఆడవాళ్ళని నోరెత్తనివ్వరన్నది ఎంత అబద్ధమో అక్కడే తెలిసిపోయింది. కానీ తమ్ముడు మోసిన ఆ ట్రేని ఆమె మోయలేదు. ఈ ఏడాది కాదు, ఎప్పటికీ. ఎందుకంటే ఆ పని యాజకత్వం ఉన్నవాళ్ళది. యాజకత్వం మగపిల్లలకి పన్నెండేళ్ళ ప్రాయంలోనే మొదలవుతుంది, ఆడవాళ్ళకి ఏ వయసులోనూ లేదు. నడవలేని తమ్ముడి కోసం సంఘమంతా ఆగి దారి చేసింది. నడవగల అక్కకి ఆ దారే లేదు.

అందుకే అమ్మా, ఈ మతంలో ఆడవాళ్ళ స్థితి ఏమిటంటే నేను "చాలా బాగుంది" అని గానీ "ఘోరం" అని గానీ చెప్పలేను. లేని తప్పు అంటగడితే అన్యాయం. ఉన్న తేడాని కప్పిపుచ్చితే అదీ అన్యాయమే.

నలుగురు పెళ్ళాల సంగతి చూడండి. బహుభార్యాత్వం ఒకప్పుడు నిజంగా ఉండేది. 1852లో బహిరంగంగా ప్రకటించారు. 1890లో సంఘం అధ్యక్షుడు విల్ఫర్డ్ వుడ్రఫ్ దాన్ని ఆపేస్తున్నట్టు ప్రకటన చేశాడు. తర్వాత కూడా కొందరు చాటుగా కొనసాగించారు, 1904లో ఇంకా గట్టిగా కట్టడి చేశారు. ఈ రోజు ఆ సంఘంలో ఎవరైనా రెండో పెళ్ళాన్ని కట్టుకుంటే వెలివేస్తారు. టీవీల్లో పొడుగు చేతుల పాతకాలపు గౌన్లతో కనిపించే ఆడవాళ్ళు, బహుభార్యాత్వం వదలనందుకు విడిపోయిన వేరే గుంపువాళ్ళు. యూటా, అరిజోనా సరిహద్దులో హిల్‌డేల్, కొలరాడో సిటీ అనే జంట ఊళ్ళు ఒకప్పుడు వాళ్ళ గుప్పిట్లో ఉండేవి. వాళ్ళ నాయకుడు వారెన్ జెఫ్స్‌కి బాలికల మీద అత్యాచారం కేసులో 2011లో టెక్సాస్ కోర్టు యావజ్జీవం వేసింది. మీ పక్కింటావిడకి వాళ్ళతో ఏ సంబంధమూ లేదు. ఆవిణ్ణి "మీ ఆయనకి ఎంతమంది" అని సరదాకి కూడా అడగకండి, అక్కడివాళ్ళు ఆ మాట విని విని విసిగిపోయి ఉంటారు.

అయితే పాత నీడ ఒకటి మిగిలే ఉంది. వాళ్ళ దేవాలయాల్లో జరిగే పెళ్ళి చావుతో ముగియదు, శాశ్వతం అంటారు. భార్య చనిపోతే మగవాడు ఇంకొకామెతో కూడా అలాంటి శాశ్వత బంధం కట్టుకోవచ్చు. భర్త పోయిన స్త్రీ, తాను బతికి ఉండగా రెండో భర్తతో అలా కట్టుకోవడానికి వీల్లేదు. పరలోకంలో తన సంగతి ఏమవుతుందోనని లోలోపల నలిగిపోయే మోర్మన్ స్త్రీలు నిజంగా ఉన్నారు. బయటివాళ్ళం మనం ఈ బాధని ఎగతాళి చేయకూడదు.

మన తెలుగువాళ్ళకి బొత్తిగా తెలియని చరిత్ర ఒకటి చెబుతాను. అమెరికాలో స్త్రీ పురుషులకి సమాన ఓటు హక్కు ఇచ్చిన చట్టం కింద మొట్టమొదట ఓటు వేసినామె సెరాఫ్ యంగ్ అనే మోర్మన్ టీచరు. 1870 ఫిబ్రవరి 14న, సాల్ట్ లేక్ సిటీ మునిసిపల్ ఎన్నికల్లో. దేశమంతటా ఆడవాళ్ళకి ఓటు రావడానికి ఇంకా యాభై ఏళ్ళు పట్టింది. బహుభార్యాత్వాన్ని అణచడానికని 1887లో వాషింగ్టన్‌లో అమెరికా పార్లమెంటు చేసిన చట్టం ఆ ఓటుని లాగేసుకుంది. అప్పుడు ఈ ఆడవాళ్ళు ఊరుకోలేదు. సభలు పెట్టారు, సొంత పత్రిక నడిపారు. 1896లో యూటా రాష్ట్రం అయినప్పుడు ఓటు తిరిగి తెచ్చుకున్నారు. అదే ఏడాది మార్తా హ్యూజ్ కానన్ అనే డాక్టరు రాష్ట్ర సెనేట్‌కి గెలిచింది. అమెరికాలో తొలి మహిళా స్టేట్ సెనేటర్ ఆమే. ఆ ఎన్నికల్లో ఆమె చేతిలో ఓడినవాళ్ళలో సొంత భర్త కూడా ఉన్నాడు. ఆమె అతనికి నాలుగో భార్య. అణచివేత, స్వేచ్ఛ రెండూ ఒకే జీవితంలో ఎలా అల్లుకుపోయాయో చూడండి. 2024లో వాషింగ్టన్‌లోని క్యాపిటల్ భవనంలో ఆమె విగ్రహం పెట్టారు.

1842లో, ఈ సంఘాన్ని స్థాపించిన జోసెఫ్ స్మిత్ భార్య ఎమ్మా స్మిత్ మొదటి అధ్యక్షురాలిగా మొదలైన స్త్రీల సంఘం, రిలీఫ్ సొసైటీ, ఇప్పటికీ ఉంది. ఆ శతాబ్దంలోనే వీళ్ళు ఆడవాళ్ళని వైద్యం చదవడానికి ఫిలడెల్ఫియా దాకా పంపారు, 1882లో సొంత ఆసుపత్రి పెట్టారు. చాలాకాలం నిధులు, పత్రిక వాళ్ళ చేతుల్లోనే ఉండేవి. 1970 ప్రాంతంలో నిధులు మగవాళ్ళ నాయకత్వం కిందికి పోయాయి, పత్రిక ఆగిపోయింది. నా ఉద్దేశంలో ఆ స్త్రీలకి అసలు నష్టం అక్కడ జరిగింది. మునిమనవరాళ్ళకి ముత్తవ్వల కన్నా తక్కువ అధికారం మిగిలింది. 1979లో, స్త్రీలకి రాజ్యాంగంలో సమాన హక్కుల సవరణ కావాలని పోరాడిన సోనియా జాన్సన్‌ని వెలివేశారు. 1987లో సంఘం అప్పటి అధ్యక్షుడు తల్లులు ఉద్యోగాలు మాని ఇంటికి రావాలని ప్రసంగించాడు. ఆ తరం తల్లుల్లో ఎంతోమంది ఉద్యోగం చేస్తూ కూడా తప్పు చేస్తున్నట్టు కుమిలారు. యాజకత్వం ఆడవాళ్ళకీ ఇవ్వాలని ఉద్యమం నడిపిన కేట్ కెల్లీని 2014లో వెలివేశారు.

మార్పులు రాలేదని కాదు. ఆరు నెలలకోసారి జరిగే మహాసభలో ఒక స్త్రీ ప్రార్థన చేయడం 2013లో మొదటిసారి జరిగింది. 2019 నుంచి బాప్తిస్మాలకి స్త్రీలు సాక్షులుగా నిలబడవచ్చు. 2022లో రిలీఫ్ సొసైటీ అధ్యక్షురాలైన కెమిల్ జాన్సన్ పిల్లల్ని పెంచుతూనే ఏళ్ళ తరబడి లాయరుగా పనిచేసినామె. కానీ ఇవి చాలా నెమ్మదిగా కదిలే మార్పులు. పోల్చి చూడాలంటే దూరం వెళ్ళక్కర్లేదు. మన నంద్యాల డయోసిస్‌కి సీఎస్ఐ సంఘం 2013లోనే పుష్పలలిత గారిని బిషప్‌గా నియమించింది. క్రైస్తవంలో ఇది కుదరదు అనడానికి లేదు. ఈ సంఘం కుదరదంటోంది.

మీ ఆడపడుచుకి ఇంకో మాట కూడా చెప్పొచ్చు. ఈ సంఘం మనకి దూరం కాదు. 2012లో భారతదేశంలో వాళ్ళ మొదటి స్టేకు, అంటే కొన్ని సంఘాల సముదాయం, మన హైదరాబాదులోనే ఏర్పడింది. వాళ్ళ పవిత్ర పుస్తకం మోర్మన్ గ్రంథం తెలుగులో ఉంది. అక్కడ ఆదివారం వేదిక ఎక్కి తెలుగులో మాట్లాడే ఆడవాళ్ళు ఉన్నారు.

ఇక మీరు చేయాల్సినవి. అమెరికాలో 1990 నాటి వికలాంగుల హక్కుల చట్టం మత సంస్థలకి వర్తించదు. ర్యాంపు కావాలనో సహాయకులు కావాలనో చర్చిని చట్టం బలవంతం చేయదు. పైగా అక్కడ అందరూ జీతం లేని మామూలు మనుషులే, ప్రత్యేక శిక్షణ ఉన్నవాళ్ళు తక్కువ. కాబట్టి ఒక సంఘంలో బాబు పక్కన ప్రత్యేకంగా ఒక టీచరు కూర్చుంటుంది, ఇంకో సంఘంలో తల్లే పిల్లవాణ్ణి పట్టుకుని వరండాలో తిరగాల్సి వస్తుంది. మత సిద్ధాంతం ఒకటే అయినా మీకు దొరికేది ఆ మనుషుల్ని బట్టి ఉంటుంది. వెళ్ళేముందే పిల్లల విభాగం అధ్యక్షురాలితో మాట్లాడించమని పక్కింటావిణ్ణి అడగండి. ఆ పదవిలో ఎప్పుడూ స్త్రీయే ఉంటుంది. బాబు అవును, కాదు ఎలా చెబుతాడో, ఏది మింగలేడో, ఏ శబ్దానికి బెదురుతాడో ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. రొట్టె ముక్క అందరికీ అందిస్తారు, తీసుకోవాలని నిర్బంధం లేదు. గొంతుకి అడ్డం పడే ప్రమాదం ఉంటే ముందే చెప్పండి.

బాబు తల మీద చేతులుంచి స్వస్థత కోసం ప్రార్థిస్తామని ఎవరైనా అడగవచ్చు. మీకు ఇష్టమైతే సరే. లేకపోతే "మీ ప్రేమకి థ్యాంక్స్ అండీ, వాడికి ఇప్పుడు కావలసింది స్నేహితులు" అనండి. ఆ మాటకి అక్కడ ఎవరూ నొచ్చుకోరు. మీ వారిని కూడా ఒకసారి వెంట తీసుకెళ్ళండి, "ఎందుకొచ్చిన గొడవ" అనేది చాలావరకు చూడని చోటి గురించే అంటాం. ఆవిడ మీ ఇంటికి వస్తే మాత్రం కాఫీ, టీ పెట్టకండి, వాళ్ళు తాగరు. మజ్జిగ ఇవ్వండి.

ఒక్క విషయంలో మాత్రం మొహమాటపడకండి. మాట రాదు కదా అని బాబుని మూడేళ్ళ పిల్లల గదిలో కూర్చోబెడతామంటే ఒప్పుకోవద్దు. అక్కడ తరగతులు వయసుని బట్టి ఉంటాయి. వాడికి ఎనిమిదేళ్ళు, ఎనిమిదేళ్ళ పిల్లల తరగతిలోనే వాడికి చోటు అడగండి.